తల ఊపి చూశాకే హెల్మెట్ కొనండి

హెల్మెట్ ఎంచుకునేటప్పుడు నేను రంగు చివర్లో చూస్తాను. ముందు టేపుతో కనుబొమ్మల పైన తల చుట్టుకొలత తీసుకుంటాను. పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకోవాలి. తల ఊపితే నుదుటి చర్మం కూడా దానితో పాటే కదలాలి. పట్టీ బిగించి, వెనక నుంచి పైకి లాగినా ఊడి రాకూడదు. పట్టీకి కుట్టిన ఈసీఈ 22.06 (హెల్మెట్ల అంతర్జాతీయ భద్రతా ప్రమాణం) లేబుల్ కూడా చూడండి.

నా పాత హెల్మెట్‌కి ముందు టోపీ అంచులాంటి పీక్ ఉండేది. చూడ్డానికి భలే ఉండేది కానీ, స్పీడు మీద పక్కకి తిరిగితే చాలు, గాలి దాన్ని పట్టుకుని మెడ లాగేసేది. హైవే మీద ఎక్కువగా తిరిగేవాళ్లు నున్నటి, గుండ్రటి షెల్ తీసుకోండి. స్టైల్ కావాలంటే రంగులో చూసుకోండి, లేత రంగైతే చీకట్లోనూ కనపడతారు. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలినా మార్చేయండి. లోపలి థర్మోకోల్ నలిగింది పైకి తెలియదు.