తోటి పిల్లలు ఏడిపిస్తుంటే మీ బిడ్డకు అండగా నిలవడం ఎలా?

బడివేళకు కడుపు నొప్పి అంటూ మంచం దిగని పిల్లవాడు ఆదివారం మాత్రం కాలువ గట్టు మీద హుషారుగా తిరుగుతుంటే, బడిదొంగ వేషాలని కొట్టిపారేయకూడదు. మాకు తెలిసిన ఏడో తరగతి అబ్బాయి సైకిలుకు వారంలో మూడుసార్లు గాలి పోతే తండ్రి ట్యూబు మార్పించాడు గానీ, లాకుల దగ్గర ఇద్దరు పెద్ద తరగతి పిల్లలు గాలి తీసేస్తున్నారన్న సంగతి ఆయనకు నెల తర్వాత గానీ తెలియలేదు.

ముందుగా, రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో సందడి సద్దుమణిగిన వేళ పక్కన కూర్చుని, బిడ్డ చెప్పేది పూర్తిగా వినండి. “ముందు నువ్వేం చేశావు?” అని అడిగితే తప్పు తనదేనేమో అనుకుంటాడు. “నువ్వూ రెండు తగిలించు” అంటే తన వల్ల కాని పని నెత్తిన పడిందని బెంగపడతాడు. రెండు మాటలూ బిడ్డ నోరు మూయించేవే.

ఆపైన ఎక్కడ జరుగుతోందో దారి వెంట అడుగుతూ పోండి. ఏడిపించేవాళ్లు తరచుగా పెద్దల కళ్లు పడని చోటే ఎంచుకుంటారు. మన డెల్టాలో కొన్ని లంక గ్రామాల పిల్లలు బడికి వెళ్లాలంటే రేవులో పడవ ఎక్కాలి. మిగతావాళ్లలో చాలామంది కిక్కిరిసిన ఆటోలోనో, గట్టు మీద సైకిలు పైనో వెళ్తారు. ఒక రోజు మీరే ఆ దారిన వెళ్లి, ఆటో డ్రైవరును, రేవు దగ్గర కొట్టువాళ్లను నెమ్మదిగా అడిగి చూడండి.

విన్నది తేదీ, చోటు, అన్న మాటలు, చూసినవాళ్ల పేర్లతో సహా నోటుపుస్తకంలో రాసి ఉంచండి. వాట్సాప్‌లో ఏడిపిస్తుంటే స్క్రీన్‌షాట్లు తీయండి.

బడికి వెళ్తున్నట్టు బిడ్డకు ముందే చెప్పి, మొదట క్లాస్ టీచరును కలవండి. మార్పు లేకపోతే హెడ్మాస్టరుకు అర్జీ రాసి ఇచ్చి, అందినట్లు నకలుపై సంతకం తీసుకోండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే కాబట్టి అక్కడా చెప్పవచ్చు. అవతలి పిల్లల గుమ్మం ముందుకు మాత్రం నేరుగా వెళ్లకండి. ఊళ్లో అది చూస్తుండగానే రెండు వీధుల తగాదాగా, ఒక్కోసారి రెండు కులాల తగాదాగా మారి, బిడ్డ గోడు ఎవరికీ గుర్తుండదు.

కొట్టడం, డబ్బు లాక్కోవడం, ఒంటిపై చెయ్యి వేయడం దాకా వస్తే, బడి తేల్చేదాకా ఆగకుండా 1098కి ఫోన్ చేయండి. పిల్లల కోసం ఉన్న ఈ నంబరు రాత్రింబగళ్లు ఉచితంగా పనిచేస్తుంది.

బడిలో మాట్లాడి వచ్చాక కూడా కొన్నాళ్లు కనిపెట్టి ఉండాలి. ఆ సైకిలు అబ్బాయి తండ్రి పదిహేను రోజులు లాకుల దాకా తోడు వెళ్లి, తర్వాత అదే దారిన వచ్చే ఇద్దరు స్నేహితులను జత కుదిర్చాడు. ఇప్పటికీ సాయంత్రం కొడుకు ఇంటికి రాగానే రెండు టైర్లూ వేలితో నొక్కి చూస్తాడు.