ఎన్ కింద చుక్క ఉందా? కొత్త ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకునే ముందు జాగ్రత్తలు

కొత్త ల్యాప్‌టాప్ తెరిచిన మొదటి గంట చాలా ప్రమాదకరమైనది. అందులో బుక్‌మార్కులు ఉండవు, పాత హిస్టరీ ఉండదు, పాస్‌వర్డ్ మేనేజర్ ఇంకా పెట్టుకుని ఉండం. బ్రౌజర్, వీడియో ప్లేయర్, జిప్ ఫైళ్లు విప్పేది, మెసెంజర్ అన్నీ ఆ పూటే వేసేసుకోవాలన్న తొందర. సెర్చ్‌లో పేరు కొట్టి, పైన ఏది వస్తే అది నొక్కేస్తాం. దసరా, దీపావళి సేల్స్‌లో కొత్త సిస్టమ్ కొనబోతున్నవాళ్లు డబ్బా విప్పకముందే దీన్ని ఒకసారి చదువుకుంటే మంచిది.

2021 జులైలో బ్రేవ్ బ్రౌజర్ కోసం గూగుల్‌లో వెతికిన కొందరికి ఒక యాడ్ కనిపించింది. నొక్కితే అచ్చం బ్రేవ్ సైట్ లాంటి సైటే వచ్చింది. అడ్రస్ బార్‌లో కూడా బ్రేవ్ డాట్ కామ్ అనే ఉంది. కాకపోతే చివరి ‘ఈ’ అక్షరం నెత్తిన చిన్న చుక్క ఉంది. లిథువేనియన్ భాషలో అది రోజువారీ అక్షరమే. అక్కడి నుంచి దిగేది సుమారు 300 ఎంబీల ఐఎస్ఓ ఫైల్. దాని లోపల ఉన్నది మన స్క్రీన్‌ని దూరం నుంచి చూస్తూ, మనకి కనపడకుండా రెండో డెస్క్‌టాప్ తెరుచుకుని పని చేసుకోగల మాల్‌వేర్. తీగ లాగితే సిగ్నల్, టెలిగ్రామ్, క్రిప్టో దాచుకునే పరికరాలమ్మే లెడ్జర్ పేర్లకి కూడా ఇలాగే గీతలు, తోకలు తగిలించిన నకిలీ డొమైన్లు బయటపడ్డాయి.

2023 అక్టోబర్‌లో కీపాస్ వంతు వచ్చింది. పాస్‌వర్డ్‌లు దాచుకునే సాఫ్ట్‌వేర్‌కే ఈ గతి పట్టడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఈసారి మొదటి ‘కే’ అక్షరం కింద చిన్న తోక. లాట్వియన్ భాషలో అది కూడా అసలైన అక్షరమే. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటి ఉంది. గూగుల్ యాడ్‌లో కనిపించిన అడ్రస్ మాత్రం తోక లేని అసలుదే. నొక్కాక మధ్యలో ఇంకో సైట్ మీదుగా తిప్పి నకిలీ దగ్గరికి చేర్చారు. దిగిన ఇన్‌స్టాలర్ మీద డిజిటల్ సంతకం కూడా ఉంది. యాడ్‌లో అడ్రస్ చూశాను కదా, బాగానే ఉంది కదా అనుకుని నొక్కినవాళ్లని ఏమనగలం?

ఇక క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ బైనాన్స్ సంగతి. 2018 మార్చి 7న అక్కడ చాలామంది ఖాతాల్లో వాళ్లకి తెలియకుండానే కొనుగోళ్లు, అమ్మకాలు జరిగాయి. అంతకుముందు వారాల్లో వాళ్లు లాగిన్ అయిన సైట్ పేరులో రెండు ‘ఎన్’ల కిందా చుక్కలు ఉన్నాయి. మన భాషల పదాలని ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు పండితులు ‘ణ’ కోసం వాడే అక్షరం అదే. బాణం, వీణ రాయడానికి పుట్టిన అక్షరాన్ని తీసుకెళ్లి అలా వాడారు. లింకుల కింద అలవాటుగా గీత ఉంటుంది కాబట్టి, కింద ఉన్న చుక్క ఆ గీతలో కలిసిపోతుంది. వాట్సాప్‌లో వచ్చే లింకులకి కూడా ఇదే ఇబ్బంది.

తెలుగులో ఒత్తు తేడా పడితే మన కంటికి వెంటనే తగులుతుంది. ఎందుకంటే చిన్నప్పటి నుంచి ఒత్తుకి మార్కులు పోగొట్టుకున్నవాళ్లం. ఇంగ్లీషు అక్షరానికి మాత్రం పైనా కిందా ఏమీ ఉండవని నేర్చుకున్నాం. అందుకే అక్కడ చుక్క కనిపిస్తే స్క్రీన్ మీద దుమ్ము అనుకుని తుడిచేసుకునే రకం. అందువల్ల ‘అడ్రస్ జాగ్రత్తగా చూడండి’ అనే సలహా మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చూడటం అనే పనిని కంటి నుంచి తప్పించి, వీలైనంతవరకు మెషీన్‌కి అప్పగించాలి. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

బ్రౌజర్ ఎందుకు పట్టుకోదు?

వెబ్ అడ్రస్‌ల వ్యవస్థకి నిజానికి ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, హైఫన్ తప్ప ఇంకేమీ తెలియవు. మిగతా భాషల పేర్లన్నీ 2003లో వచ్చిన ప్యూనీకోడ్ పద్ధతిలో ఆ అక్షరాల్లోకే మారతాయి. అలా మారిన పేరు ‘ఎక్స్‌ఎన్’ అనే రెండు అక్షరాలు, రెండు హైఫన్లతో మొదలవుతుంది. మనకి కనిపించే చుక్కల అక్షరం బ్రౌజర్ వేసిన అలంకారం. లోపల నడిచేది ఆ గజిబిజి పేరే.

2017లో షుడాంగ్ జెంగ్ అనే పరిశోధకుడు పూర్తిగా రష్యన్ లిపి అక్షరాలతోనే ఆపిల్ డాట్ కామ్‌లా కనిపించే డొమైన్ కొని చూపించాడు. తర్వాత క్రోమ్ ఆ దారి మూసింది. ఒకే పేరులో రెండు లిపులు కలగలిస్తే బ్రౌజర్లు అనుమానించి గజిబిజి రూపం చూపిస్తాయి. ఈ కథలు చదివి చాలామంది సమస్య తీరిపోయిందని అనుకుంటారు. కానీ నెత్తిన చుక్క ఉన్న ‘ఈ’ లాటిన్ అక్షరమే, మామూలు ‘ఈ’ కూడా లాటిన్ అక్షరమే. లిపి ఒక్కటే కాబట్టి ఆ కాపలాదారుకి ఇక్కడ పని లేదు. క్రోమ్ ఇంకో అడుగు వేసి, బాగా పేరున్న సైట్లతోనూ మనం తరచూ వెళ్లే సైట్లతోనూ పోల్చి ‘మీరు వెళ్లాలనుకున్నది ఇది కాదేమో’ అని హెచ్చరిస్తుంది. మంచి ఏర్పాటే. అయితే కొత్త సిస్టమ్‌లో మనం తరచూ వెళ్లిన సైట్లంటూ ఏవీ ఉండవు. మీ ఊరి సహకార సంఘం సైట్‌నో, చిన్న ట్రావెల్స్ సైట్‌నో పేరున్న సైట్ల జాబితాలో ఎవరూ పెట్టరు.

తాళం గుర్తు గురించి ఒక్క మాట. కనెక్షన్ మధ్యలో ఎవరూ వినడం లేదని మాత్రమే అది చెబుతుంది. అవతల ఉన్నది ఎవరో దానికి అనవసరం. నకిలీ డొమైన్ కొన్నవాడికి కూడా ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్ నిమిషాల్లో వస్తుంది, అదీ ఉచితంగా.

వేసుకునే ముందు

అన్నిటికంటే ముందు, సెర్చ్‌లో ‘స్పాన్సర్డ్’ అని ఉన్నదాన్ని సాఫ్ట్‌వేర్ కోసం నొక్కకండి. యాడ్‌లో కనిపించే అడ్రస్ సరిగ్గా ఉన్నా సరే. పై కథల్లో రెండు మొదలైంది అక్కడే. నన్ను అడిగితే, మిగతావి మర్చిపోయినా ఇదొక్కటి పాటిస్తే సగం టెన్షన్ పోతుంది.

వీలైతే సైట్లకే వెళ్లొద్దు. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్, మ్యాక్‌లో యాప్ స్టోర్, లినక్స్‌లో దాని సొంత ప్యాకేజీలు, ఫోన్‌లో ప్లే స్టోర్. అక్కడ కూడా నకిలీలు దూరవని కాదు, పేరు కింద తయారీదారు ఎవరో చూసుకోవాలి. కానీ చుక్కల అడ్రస్ గొడవ అక్కడ ఉండదు. స్టోర్‌లో దొరకనిదైతే, పాత సిస్టమ్‌లో మీరు ఏళ్ల తరబడి వాడుతున్న బుక్‌మార్క్ నుంచి అడ్రస్ తెచ్చుకోండి, లేదా అడ్రస్ బార్‌లో చేత్తో కొట్టండి. చేత్తో కొడితే మన కీబోర్డు చుక్క పెట్టదు. ఒక అక్షరం తప్పు కొట్టే ప్రమాదం ఉంది, అది వేరే రకం మోసానికి దారి. కాబట్టి నిదానంగా కొట్టండి.

లింకు నొక్కి వచ్చేశాక అనుమానం కలిగితే క్రోమ్‌లో ఒక సులువైన పరీక్ష ఉంది. అడ్రస్ మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పేరు గజిబిజిగా ‘ఎక్స్‌ఎన్’తో మొదలైతే అందులో ఎక్కడో చుక్కో తోకో ఉన్న అక్షరమో, వేరే లిపి అక్షరమో దాక్కుని ఉంది. మీరు వెతుకుతున్నది ఇంగ్లీషు పేరున్న సైటే అయితే అక్కడితో ఆగిపోండి.

ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ఇంకా గట్టి ఏర్పాటు చేసుకోవచ్చు. అబౌట్ కాన్ఫిగ్ పేజీ తెరిచి, ప్యూనీకోడ్ అని వెతికితే ‘నెట్‌వర్క్ డాట్ ఐడీఎన్ షో ప్యూనీకోడ్’ అనే సెట్టింగ్ వస్తుంది. దాన్ని ట్రూ చేస్తే చుక్కల అక్షరాలన్నీ ఇక ముసుగు లేకుండా గజిబిజి రూపంలోనే కనిపిస్తాయి. దీనికి ఒక నష్టం ఉంది. తెలుగులో ‘.భారత్’ అని ముగిసే పేర్లు కూడా అర్థం కాని రాతలా మారిపోతాయి. జర్మనీలో ఉండే మనవాళ్లకైతే ఇది రోజూ చిరాకే. అక్కడి డాట్ డీఈ పేర్లలో 2004 నుంచి చుక్కల అక్షరాలకి అనుమతి ఉంది, బేకరీ నుంచి బల్దియా ఆఫీసు దాకా వాటిని మామూలుగానే వాడతారు. వాళ్లు ఈ సెట్టింగ్ జోలికి పోకుండా బుక్‌మార్కుల మీద ఆధారపడటమే నయం. చుక్క ఉన్న ప్రతి అక్షరాన్నీ దొంగలా చూడక్కర్లేదు.

కొందరు డౌన్‌లోడ్ పేజీలో ఇచ్చిన హ్యాష్‌తో, అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్‌తో, ఫైల్‌ని సరిచూసుకుంటారు. అలవాటు మంచిదే, కానీ ఆ హ్యాష్ కూడా అదే పేజీలో ఉంటే దానికి విలువ లేదు. నకిలీ పేజీ తన నకిలీ ఫైల్‌కి సరిపోయే హ్యాష్‌నే రాస్తుంది. దాన్ని వేరే దారిలో తెచ్చుకోవాలి.

పాస్‌వర్డ్ మేనేజర్‌ని మొదటి రోజే పెట్టుకోండి. అది అడ్రస్‌ని అక్షరాల ఆకారంతో పోల్చదు, లోపలి పేరుతో పోలుస్తుంది. చుక్క ఉన్న ‘ఎన్’, చుక్క లేని ‘ఎన్’ దానికి పూర్తిగా వేర్వేరు. కాబట్టి రోజూ దానంతటదే నింపే లాగిన్ పేజీలో ఈ రోజు నింపకపోతే, అదే హెచ్చరిక. చాలామంది సరిగ్గా అప్పుడే ‘ఇదేదో మొరాయిస్తోంది’ అని విసుక్కుని పాస్‌వర్డ్ కాపీ చేసి పేస్ట్ చేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు.

బ్యాంకుల విషయంలో మన దగ్గర ఒక మంచి మార్పు వచ్చింది. బ్యాంకులన్నీ ‘బ్యాంక్ డాట్ ఇన్’ అని ముగిసే అడ్రస్‌లకి మారాలని రిజర్వు బ్యాంకు 2025లో చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది రిజర్వు బ్యాంకు పెట్టిన, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే, ఇచ్చేది బ్యాంకులకే. అడ్రస్‌ని కుడి చివర నుంచి చదవడం అలవాటు చేసుకోండి. మొదటి స్లాష్‌కి ముందు పేరు ‘బ్యాంక్ డాట్ ఇన్’తో ముగియాలి. పేరు మధ్యలో ఎక్కడో అది ఉండి, తర్వాత ఇంకేదో ఉంటే లెక్కలోకి రాదు.

సొంత సైట్ నడిపేవాళ్లకి

పోలిక ఉన్న పేర్లన్నీ మనమే కొనేద్దామనే ఆలోచన వస్తుంది. లెక్క వేసి చూడండి. ఆరు అక్షరాల పేరులో ఒక్కో అక్షరానికి ఐదు వేషాలు అనుకున్నా, అసలుతో కలిపి ఆరు. ఆరుని ఆరుసార్లు హెచ్చిస్తే 46,656 పేర్లు. కెనడాలో డాట్ సీఏ రిజిస్ట్రీ ఈ బాధ లేకుండా చేసింది. అక్కడ ఒక పేరు మీదైతే, దానికి చుక్కలు, గీతలు తగిలించిన రూపాలు ఇంకెవరికీ ఇవ్వరు. డాట్ కామ్‌కి అలాంటి రక్షణ లేదు. బాగా మోసపుచ్చే ఒకటి రెండు కొని, మిగతావాటి మీద నిఘా పెట్టండి. డీఎన్ఎస్ ట్విస్ట్ అనే ఉచిత టూల్ మీ పేరుకి పోలికలు పుట్టించి, వాటిలో ఎవరైనా ఏది కొన్నారో చెబుతుంది.

కోడ్ రాసేవాళ్లు డొమైన్‌ని లోపలి రూపంలోనే దాచుకోవాలి, చూపించేటప్పుడే అలంకరించాలి. పోలికలు పట్టుకోవడానికి యూనికోడ్ వాళ్ల 39వ సాంకేతిక ప్రమాణంలో పద్ధతి ఉంది, సొంతంగా గుర్తులు చెరిపే కోడ్ రాయక్కర్లేదు. ఇతర భాషల పేర్లని లోపలి రూపంలోకి మార్చడానికి పైథాన్‌తో పాటు వచ్చే ఐడీఎన్ఏ కోడెక్ ఇంకా 2003 నియమాలే పాటిస్తుంది. జర్మన్ ‘ఎస్‌జెట్’ అక్షరాన్ని అది రెండు ఎస్‌లుగా మార్చేస్తుంది, 2008 నియమాల్లో అది వేరే అక్షరం. ఒక సర్వీసులో పాతది, ఇంకో సర్వీసులో కొత్తది వాడితే ఒకే పేరు రెండు చోట్లకి దారి తీస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి. 2019లో గిట్‌హబ్‌లో పాస్‌వర్డ్ రీసెట్ దగ్గర ఒక లోపం బయటపడింది. చుక్క లేని టర్కిష్ ‘ఐ’తో రాసిన ఈమెయిల్ అడ్రస్, పోల్చేటప్పుడు మామూలు ‘ఐ’తో సమానమైపోయింది. కానీ రీసెట్ మెయిల్ మాత్రం ఫారంలో టైప్ చేసిన అడ్రస్‌కే, అంటే దొంగకే, వెళ్లేది. పోల్చడానికి ఏ రూపం వాడినా సరే, మెయిల్ పంపాల్సింది డేటాబేస్‌లో ముందే ఉన్న అడ్రస్‌కి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే

ముందు వైఫై ఆపండి. పాస్‌వర్డ్‌లు మార్చాలి, కానీ ఆ సిస్టమ్ నుంచి మాత్రం వద్దు, కొత్తవి కూడా దొంగకే చేరతాయి. వేరే ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆపై మిగతావి మార్చండి. అన్ని చోట్లా ‘మిగతా డివైజ్‌ల నుంచి లాగౌట్’ కూడా నొక్కండి. పాస్‌వర్డ్ మారినా పాత సెషన్ బతికే ఉండొచ్చు. డబ్బు పోయినట్టు అనిపిస్తే బ్యాంకుకి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. అడ్రస్‌ని ఫొటోగా కాకుండా కాపీ చేసి దాచుకోండి, ఫొటోలో చుక్క కనపడకపోవచ్చు. ఆ తర్వాత సిస్టమ్‌ని యాంటీవైరస్‌తో శుభ్రం చేసి సరిపెట్టుకోకుండా, మొత్తం చెరిపేసి విండోస్ మళ్లీ వేయించండి. కొత్తదే కాబట్టి అందులో పోగొట్టుకునేది పెద్దగా ఏమీ ఉండదు.