విద్యార్థులు అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు: నోటీసు నుంచి డిపాజిట్ చేతికొచ్చే దాకా

డిపాజిట్ పోవడానికి ఎక్కువగా రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, నోటీసు తేదీ తప్పడం. రెండోది, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో, అప్పజెప్పినప్పుడు ఎలా ఉందో చూపించే ఆధారం లేకపోవడం. పరీక్షలు, ప్రాజెక్టు రిపోర్టు, ఊరికి టికెట్లు అన్నీ మీద పడే రోజుల్లోనే ఈ రెండూ జరుగుతాయి. అందుకే ఖాళీ చేయాల్సిన తేదీకి మూడు నెలల ముందే ఒక సాయంత్రం కూర్చుని అగ్రిమెంటు మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదవండి.

చదివేటప్పుడు పెన్సిలుతో గీత గీసుకోవాల్సినవి ఇవి: ఒప్పందం ముగిసే తేదీ, నోటీసు గడువు, నోటీసు ఏ రూపంలో ఇవ్వాలి, మధ్యలో ఖాళీ చేస్తే ఏం కట్టాలి, శుభ్రం చేయించడానికో రంగులకో డిపాజిట్ నుంచి ఏమైనా కోస్తామని రాశారా, ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒకే కాగితం మీద సంతకం పెట్టారా. ముగింపు తేదీ రాసి ఉంది కదా, ఆ రోజు దానంతటదే అయిపోతుందిలే అనుకోవద్దు. నోటీసు ఇవ్వకపోతే నెలనెలా కొనసాగుతుందనో, ఇంకో గడువుకు పొడిగించినట్టేననో చాలా అగ్రిమెంట్లలో ఒక వాక్యం ఉంటుంది. పొడవాటి పేరాలో మధ్యన ఉంటుంది కాబట్టి కంటికి ఆనదు.

కాగితం మీద ఉన్నదే ఆఖరి మాట కూడా కాదు. అద్దె చట్టం ఇచ్చిన హక్కును అగ్రిమెంటులోని షరతు తీసేయలేదని చాలాచోట్ల నియమం ఉంది. మీ కాలేజీలో విద్యార్థుల వసతి చూసే విభాగమో, ఉచిత న్యాయ సలహా కేంద్రమో ఉంటే సంతకం పెట్టిన కాపీ పట్టుకెళ్లి నోటీసుకు ముందే ఒకసారి చూపించండి. గొడవ మొదలయ్యాక వెళ్లేకన్నా ముందు వెళ్తే వాళ్లు చేయగలిగింది ఎక్కువ.

నోటీసు తేదీ లెక్క

లెక్క తప్పేది ఇక్కడే. "ఒక నెల నోటీసు" అని ఉంటే, నోటీసు ఇచ్చిన రోజు నుంచి సరిగ్గా నెల లెక్కపెట్టుకుంటారు చాలామంది. కానీ నోటీసు అద్దె నెల చివరి రోజుతో కలిసి ముగియాలని కొన్ని ఒప్పందాల్లో, కొన్ని చట్టాల్లో ఉంటుంది. అద్దె ప్రతి నెలా 1వ తేదీన మొదలవుతుందనుకోండి. ఏప్రిల్ 3న నోటీసు ఇస్తే అది మే 1 నుంచి లెక్కకొచ్చి మే 31న ముగుస్తుంది. ఏప్రిల్ 30కే వెళ్లిపోవాలంటే మార్చి 31 లోపు ఓనరుకు చేరాలి. మూడు రోజుల ఆలస్యానికి ఒక నెల అద్దె అదనం.

పైగా లెక్కకొచ్చేది సాధారణంగా నోటీసు అందిన తేదీ, మీరు రాసిన తేదీ కాదు. పోస్టులో పంపితే దారిలో పట్టే రోజులు మీ ఖాతాలోనే పడతాయి. కనీసం వారం రోజులు ముందుగా ఇవ్వండి. అగ్రిమెంటులో చెప్పిన పద్ధతిలో ఒకటి, ఈమెయిల్లో ఒకటి, రెండూ పంపండి. చేతికిస్తే కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకోండి. ఫోనులో చెప్పి, ఆయన "సరే బాబూ" అన్నంత మాత్రాన నోటీసు ఇచ్చినట్టు కాదు.

ఉత్తరం చిన్నదే చాలు. ఇంటి మీద ఫిర్యాదులు, వెళ్లిపోవడానికి కారణాలు ఇందులో కలపకండి:

"ఫలానా చిరునామాలోని ఇంటిని ఫలానా తేదీ నాటి అద్దె ఒప్పందం ప్రకారం తీసుకున్న మేము, ఒప్పందంలోని ఫలానా నిబంధనను అనుసరించి, ఫలానా తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలు అప్పజెబుతామని ఈ నోటీసు ద్వారా తెలియజేస్తున్నాము. ఆ తేదీకి రెండు మూడు వారాల ముందు ఒకసారి ఇల్లు చూసి, సరిచేయాల్సినవి ఏమైనా ఉంటే రాసి ఇవ్వగలరు. డిపాజిట్ ఈ కింది ఖాతాలకు పంపగలరు. మా తర్వాతి చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ కింద ఇచ్చాము. ఈ నోటీసు అందినట్టు తెలియజేయగలరు."

కింద అందరి పేర్లు, అందరి సంతకాలు, తేదీ. నలుగురు కలిసి డిపాజిట్ కట్టి ఉంటే ఎవరి ఖాతాకు ఎంత వెళ్లాలో ఇందులోనే రాసేయండి. లేకపోతే మొత్తం ఒకరి ఖాతాలో పడి, వసూలు చేసుకోవడం మిగతా ముగ్గురికీ ఇంకో పనవుతుంది.

ఒకే కాగితం మీద నలుగురి సంతకాలు

విద్యార్థుల ఇళ్లలో అన్నిటికన్నా చిక్కు ఉన్నది ఇక్కడే. ఉమ్మడి ఒప్పందంలో "ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు" అన్న అర్థం వచ్చే మాట ఉందో లేదో చూడండి. ఉంటే, అద్దెలో మీ వాటా మీరు కట్టేసినా పక్క గదివాడు ఎగ్గొట్టినది కూడా మిమ్మల్ని అడగొచ్చు. అతని గదిలో తలుపు విరిగితే అందరి డిపాజిట్ నుంచీ కోయొచ్చు. మీ అమ్మానాన్నలు పూచీ సంతకం పెట్టి ఉంటే, ఆ పూచీ మీ వాటా వరకేనా, మొత్తం అద్దెకా అన్నది కూడా అదే చోట తేలుతుంది.

ఒక్కరే వెళ్లిపోతున్నప్పుడు రూమ్మేట్లకు చెప్పి వెళ్తే సరిపోదు. గడువున్న ఉమ్మడి ఒప్పందం నుంచి ఒక్కరు బయటపడాలంటే ఓనరు, మిగిలినవాళ్లు అంతా ఒప్పుకోవాలి. నెలనెలా సాగే ఒప్పందమైతే పరిస్థితి తిరగబడుతుంది: కొన్ని దేశాల చట్టం ప్రకారం ఒక్కరు ఇచ్చిన నోటీసే అందరి అద్దెనూ ముగిస్తుంది, మిగిలినవాళ్లకు తెలియకపోయినా. ఇది ముందే కనుక్కోకుండా నోటీసు ఇవ్వకండి. స్నేహితుల నెత్తిన పడుతుంది.

మీ బదులు కొత్తవాళ్లు వస్తుంటే రెండు దారులున్నాయి. మొదటిది, ఒప్పందంలో మీ పేరు తీసి వాళ్ల పేరు చేర్చడం. దీంతో మీరు పూర్తిగా బయటపడతారు, కానీ "ఫలానా తేదీ తర్వాత అద్దెకు గానీ నష్టాలకు గానీ వీరు బాధ్యులు కారు" అని ఓనరు రాసివ్వాలి. పూచీ ఇచ్చిన పెద్దవాళ్ల పేరు కూడా అదే కాగితంలో తీసేయించండి. అది మరిచిపోతే, వెళ్లిపోయిన ఏడాదికి కూడా ఇంటికి ఉత్తరం రావచ్చు. రెండోది, మీ గదిని మీరే ఇంకొకరికి అద్దెకివ్వడం. ఇందులో ఓనరు దగ్గర మీరే బాధ్యులు. వాళ్లు అద్దె ఆపితే కట్టేది మీరే. ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇలా చేస్తే అదే ఒప్పందం ఉల్లంఘన కింద లెక్క కావచ్చు. మొదటి దారి దొరుకుతుంటే రెండోదాని జోలికి పోకపోవడమే మంచిది.

కొత్తగా వచ్చేవాళ్లు డిపాజిట్ వాటా ఓనరుకు కాకుండా వెళ్లేవాళ్లకే ఇవ్వడం మామూలే. అలా చేసినప్పుడు ఆ రోజే గది ఫోటోలు తీసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. పాత గీతలు, పాత మరకలు కొత్త మనిషి ఖాతాలో పడకుండా అదొక్కటే అడ్డు.

గడువుకు ముందే వెళ్లాల్సి వస్తే

ఇంటర్న్‌షిప్ వచ్చిందనో, చదువు ముందే అయిపోయిందనో మధ్యలో వదిలేయాల్సి రావచ్చు. ముందస్తుగా ముగించే నిబంధన ఉంటే దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించండి. అది లేకపోతే మాట్లాడుకోవడమే దారి. ఓనరుకు కావాల్సింది ఇల్లు ఖాళీగా పడి ఉండకపోవడం, కాబట్టి ఉత్త చేతులతో అడగకండి. ఆసక్తి ఉన్న ఒకరిద్దరి వివరాలు, వాళ్లు చేరగల తేదీ పట్టుకుని వెళ్లండి. ఒప్పుకున్నాక "ఇరువురి అంగీకారంతో ఈ తేదీన ఒప్పందం ముగిసింది, ఇంకా రావాల్సిన అద్దె లేదు" అని రాయించి సంతకాలు తీసుకోండి. ఆ కాగితం లేకుండా తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోతే అద్దె నడుస్తూనే ఉంటుంది.

చివరి నెల అద్దె డిపాజిట్లో సరిపెట్టుకోమనడం చాలామంది చేసే పని. ఓనరు రాసి ఒప్పుకుంటే తప్ప చేయకండి. కట్టని అద్దె బాకీగానే నమోదవుతుంది, తర్వాతి ఇంటికి ఆయన ఇవ్వాల్సిన మంచిమాటా పోతుంది.

అరుగుదల వేరు, పాడుచేయడం వేరు

నోటీసులో అడిగిన ముందస్తు పరిశీలన జరిగిన రోజు, చేరినప్పటి వస్తువుల జాబితా, అప్పటి ఫోటోలు చేతిలో ఉంచుకోండి. ఎండకు వెలిసిన రంగు, నడిచే దారిలో అరిగిన తివాచీ, వదులైన తలుపు పిడి, ఇవన్నీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదల. వీటికి అద్దెదారు డబ్బు కట్టనక్కర్లేదన్నది ఎక్కడైనా సాధారణంగా ఒప్పుకునే సూత్రం. ఇస్త్రీపెట్టె కాలిన గుర్తు, పగిలిన సింకు, తడి బట్టలు గదిలో ఆరేసి కిటికీలు తెరవకపోవడం వల్ల గోడకు పట్టిన నల్లటి బూజు మీ ఖాతాలోవి. అయితే పైకప్పు కారడం వల్ల వచ్చిన చెమ్మ మీది కాదు. అది కనిపించిన రోజే ఫోటోతో ఓనరుకు మెసేజ్ పెట్టి ఉంటే మాత్రం వాదన తేలిక.

పాడైంది మీ వల్లే అయినా పాత వస్తువుకు కొత్త వస్తువు ధర కట్టాల్సిన పని లేదు. 8 ఏళ్లు మన్నే పరుపు 6 ఏళ్లు వాడాక మీ చేతుల్లో పాడైందనుకోండి, మిగిలిన ఆయుష్షు 2 ఏళ్లు. అంటే విలువలో నాలుగో వంతు. మొత్తం ధర కోస్తామంటే ఆ వస్తువు ఎప్పుడు కొన్నారో బిల్లు అడగండి.

గోడకున్న మేకు రంధ్రాలు వాల్ పుట్టీతో నింపి, పూర్తిగా ఆరాక 220 నంబరు శాండ్ పేపరుతో రుద్దితే చాలు. పైన మీకు తోచిన తెల్ల రంగు వేయకండి. పాత గోడ మీద కొత్త తెలుపు అతుకులా కనబడి, మొత్తం గోడకు రంగు వేయించే ఖర్చు మీ మీద పడుతుంది. టేపు, స్టిక్కర్లు లాగితే రంగు ఊడొస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు వెచ్చబెట్టి, గోడకు ఆనించినట్టుగా నెమ్మదిగా తీయండి.

శుభ్రం చేసే క్రమం

సామాను బయటికి పోయాకే చివరి శుభ్రం మొదలుపెట్టండి. పై నుంచి కిందికి, లోపలి గది నుంచి వీధి తలుపు వైపుకి రావాలి. పరిశీలనకు వచ్చినవాళ్లు ముందు తెరిచేవి ఓవెన్, ఫ్రిజ్, చిమ్నీ, బాత్రూము. వాటికే ఎక్కువ సమయం పెట్టండి.

ఫ్రిజ్‌ను కనీసం 24 గంటల ముందు ఆపి, తలుపు తెరిచి, కింద పాత తువ్వాళ్లు పరవండి. గడ్డ కట్టిన మంచును కత్తితో పొడిస్తే గోడ లోపలి గొట్టం పగిలి ఫ్రిజ్ మొత్తానికే మోసం. తుడిచాక తలుపు కొద్దిగా తెరిచే ఉంచాలి, మూస్తే రెండు రోజుల్లో వాసన, బూజు. చిమ్నీ జాలీలను మరీ వేడి నీళ్లలో గిన్నెల సబ్బు కలిపి అరగంట నానబెడితే జిడ్డు వదులుతుంది. కుళాయిల మీద తెల్లగా పట్టిన నీటి మరకలకు వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచి రుద్దండి. పాలరాయి మీద మాత్రం వెనిగర్ వాడొద్దు, రాయి మెరుపు శాశ్వతంగా పోతుంది.

ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి: బ్లీచ్‌ను వెనిగర్‌తో గానీ, యాసిడ్ ఉన్న టాయిలెట్ క్లీనర్‌తో గానీ, అమోనియా ఉన్నవాటితో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి వాడాల్సి వస్తే మధ్యలో నీళ్లతో బాగా కడిగి కిటికీలు తెరవండి.

పాత పరుపు, విరిగిన కుర్చీ మెట్ల కింద వదిలేస్తే తీయించిన ఖర్చు డిపాజిట్లో కోస్తారు. పెద్ద చెత్త తీసుకెళ్లేవాళ్లను రెండు వారాల ముందే మాట్లాడండి, ఎందుకంటే సెమిస్టర్ చివర అందరూ ఒకేసారి పిలుస్తారు. బ్యాటరీలు, పాత ఛార్జర్లు మామూలు చెత్తలో వేయొద్దు.

చివరి రోజు

అన్నీ అయ్యాక, పగటి వెలుగులో, ఆపకుండా ఒకే వీడియో తీయండి. వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి ప్రతి గది నాలుగు గోడలు, కప్పు, నేల చూపించండి. అల్మారా తలుపులు, ఓవెన్, ఫ్రిజ్ తెరవండి. కుళాయి తిప్పండి, ఫ్లష్ నొక్కండి, లైట్లు వేయండి. వెంటనే మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి, తేదీకి అదే సాక్ష్యం.

కరెంటు, గ్యాసు, నీళ్ల మీటర్ల ఫోటోలో రీడింగుతో పాటు మీటరు నంబరు కూడా కనబడాలి. ఆ రీడింగు సరఫరా సంస్థకు పంపి చివరి బిల్లు అడగండి. కనెక్షన్ తాళాలిచ్చే రోజు దాకా ఉంచాలి. చీకట్లో పరిశీలన జరిగితే అన్నీ మరకల్లానే కనబడతాయి. ఇంటర్నెట్ రౌటర్ తిరిగిచ్చిన రసీదు తీసుకోండి.

తాళాలు ఎన్ని తీసుకున్నారో అన్నీ ఇవ్వాలి, మీరు చేయించిన మారుతాళాలతో సహా. ఎన్ని, ఏ తేదీన, ఎన్ని గంటలకు అందాయో సంతకం తీసుకోండి. ఒక్క తాళం మిగిలినా ఇల్లు ఇంకా అప్పజెప్పలేదనో, తాళం కప్ప మార్చాలనో అంటారు. మీరు ముందే ఊరెళ్లిపోతుంటే, మీ తరఫున తాళాలిచ్చి సంతకం పెట్టేందుకు ఒకరికి అధికారం ఇస్తూ ఓనరుకు ముందే రాయండి.

డిపాజిట్ వెనక్కి

తిరిగిచ్చేందుకు మీరున్న చోట చట్టం గడువు పెట్టి ఉంటే అది కనుక్కుని క్యాలెండర్లో రాసుకోండి. గడువు దాటిన మర్నాడే మొత్తం, తేదీలు, ఖాతా వివరాలతో ఉత్తరం పంపండి. కోత పెడితే ప్రతి పద్దుకూ విడిగా కారణం, బిల్లు అడగండి. "శుభ్రం, మరమ్మతులు" అని ఒక్క మొత్తం వేస్తే ఒప్పుకోకండి. కొంత ఇచ్చి మిగతాది వాదనలో ఉంటే ఆ కొంత తీసుకోవచ్చు, కానీ "పూర్తి సెటిల్మెంట్" అన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. మాటతో తేలకపోతే డిపాజిట్ వివాదాల సంస్థ, చిన్న మొత్తాల కోర్టు లాంటివి చాలాచోట్ల ఉన్నాయి, వాటికి తరచూ లాయరు అక్కర్లేదు. అక్కడ చూసేది మీ ఫోటోలు, నోటీసు కాపీ, తాళాల రసీదు.

చదువు ముగించి దేశం వదిలి వెళ్తుంటే, డిపాజిట్ పడేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయకండి. ఆ ఖాతాకు ఓటీపీ వచ్చే సిమ్ కూడా అప్పటిదాకా పనిచేస్తూ ఉండాలి. చిరునామా మార్పు కాలేజీకి, బ్యాంకుకు, వీసా మీద ఉంటే వలస అధికారులకు కూడా చెప్పాలి. వీసా నిబంధనల్లో దీనికి రోజుల లెక్కన గడువు ఉంటే, డిపాజిట్ ఉత్తరం కన్నా ముందు చేయాల్సింది అదే.