సప్లీ రాసేవాళ్లకి ఆశ ఎలా ఉండాలంటే

బీటెక్ రెండో సెమిస్టర్లో నాకు ఎం-2, అంటే లెక్కల పేపరు, పోయింది. 75కి 19. ఆ రాత్రి హాస్టల్ డాబా మీద కూర్చుని "నాకు లెక్కలు రావు, అంతే" అని తేల్చేశాను. రూమ్మేటేమో "ఏం కాదు మామా, సప్లీలో కొట్టేస్తావ్" అన్నాడు. సప్లీలోనూ పోయింది. ఇప్పుడు నేను డిగ్రీ పిల్లలకి లెక్కలే చెబుతున్నాను, నవ్వకండి. ఫెయిలై వచ్చినవాళ్లతో చేయించేది ఇది.

మార్కులు వచ్చిన రోజు ఏమీ చెయ్యొద్దు. ఏడుపో కోపమో తీరాక, మర్నాడు ఒక కాగితం తీసుకుని మనసులో ఉన్న మాటని ఉన్నట్టే రాయండి. దాని కింద మూడు ప్రశ్నలు: ఇది ఎప్పటికీ ఇంతేనా? అన్ని సబ్జెక్టుల్లోనూ ఇంతేనా? ఇందులో నా చేతిలో ఉన్నదేంటి? పెన్సిల్వేనియా యూనివర్సిటీ సైకాలజిస్టు మార్టిన్ సెలిగ్‌మన్ ఆశావాదాన్ని చూసింది ఇక్కడే, ఓటమికి మనం చెప్పుకునే కారణంలో.

నా కాగితం మీద "లెక్కలు రావు" కొట్టేస్తే మిగిలింది ఇది: "లాప్లాస్ యూనిట్ మొత్తం వదిలేశా. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్‌లో ప్రతిసారీ మైనస్ గుర్తు పోగొడుతున్నా." కొట్టేసిన మాటకి మందు లేదు, దీనికి ఉంది. అబద్ధం మాత్రం రాయకండి. పేపర్ సరిగ్గా దిద్దలేదని నిజంగా అనిపిస్తే రీవాల్యుయేషన్ పెట్టండి, కానీ ముందురోజు మ్యాచ్ చూసిన సంగతి కూడా రాయండి.

తర్వాత, ఊహ. 1999లో లీన్ ఫామ్, షెల్లీ టేలర్ అచ్చువేసిన అధ్యయనంలో, మంచి మార్కులు వచ్చినట్టు రోజూ ఊహించుకున్న కాలేజీ విద్యార్థులకన్నా, తాము ఎలా చదువుతామో ఊహించుకున్నవాళ్లే ముందుగా పుస్తకం పట్టారు. మార్కులూ వాళ్లకే ఎక్కువొచ్చాయి. కాబట్టి రిజల్ట్ రోజు స్టేటస్ ఏం పెట్టాలా అని కలలు కనడం మానేసి, రేపటిని చూడండి: టిఫిన్ అయ్యాక, మెట్ల పక్క బల్ల, ఫోన్ రూములో, లాప్లాస్ నాలుగు లెక్కలు.

వారాల తరబడి నిద్ర పట్టక, దేని మీదా మనసు నిలవకపోతే మాత్రం ఇది కాగితంతో తేలేది కాదు. ఇంట్లో చెప్పండి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి, ఫోన్ చెయ్యండి.

రెండో సప్లీలో నాకు 38 వచ్చాయి. మైనస్ గుర్తు ఇప్పటికీ బోర్డు మీద అప్పుడప్పుడు పోగొడతాను. పట్టుకునేది ఎప్పుడూ వెనక బెంచీవాళ్లే.