ఇంకో పైపు దించొద్దు: తీరం ఊళ్లలో ఫిల్టర్ పాయింటు సంగతి

మా కోనసీమలో సఖినేటిపల్లి, మలికిపురం వైపు ఫిల్టర్ పాయింటుకి, అంటే ఇసుకలో అడుగున జల్లెడ గొట్టంతో దించే చిన్న బోరుకి, పిలిచినవాళ్లంతా "ఇంకో రెండు పైపులు దించెయ్ మేస్త్రీ, నీళ్లు దండిగా పడతాయి" అంటారు. పడతాయండి, ఉప్పునీళ్లు. తీరం ఇసుకలో వాననీరూ కాలవ ఊటా కలిసి, పాల మీద మీగడలా ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. మంచినీటి మట్టం సముద్రమట్టం కంటే అడుగు ఎత్తున ఉంటే, దాని కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీళ్లు నిలుస్తాయని లెక్క. పైన అరడుగు తగ్గిందా, కింద నుంచి 20 అడుగుల ఉప్పు ఎక్కుతుంది. ఒక్కరోజులో కాదు, తీరిగ్గా.

అందుకని పైపు దించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. ప్రతి పైపుకీ ఆపించి, చేతిపంపు బిగించి, మేం బోరులో పోసిన నీళ్లు పోయేదాకా కొట్టించి, అప్పుడు గ్లాసులో పట్టి టీడీఎస్ మీటరు (లీటరు నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచండి. బురదనీటిలో ముంచితే అది చెప్పే అంకెకి అర్థం లేదు. 500 లోపు ఉంటే నిక్షేపం. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా తాగొచ్చని ప్రభుత్వ ప్రమాణం ఒప్పుకుంటుంది గానీ ఆ నీళ్లతో టీ పెట్టుకుని చూడండి, తెలుస్తుంది. అంకె ఉన్నట్టుండి ఎగిరిన చోట ఆగి, ఒక పైపు వెనక్కి లాగి ఫిల్టరు అక్కడ నిలపండి.

మోటారు అర హెచ్‌పీ చాలు. ఒక్క ఊపున ట్యాంకు నింపొద్దు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వేసుకోండి. మొదటి బిందెలోనూ అరగంట తర్వాతి బిందెలోనూ మీటరు పెట్టండి. రెండో అంకె పెరుగుతుంటే కింద ఉప్పు లేస్తోందని, మోటారు కట్టేయండి. నీళ్లు చాలకపోతే లోతుకి పోకుండా, కాస్త ఎడంగా ఇంకో పాయింటు పైపైనే దింపి రెండూ ఒకే మోటారుకి కలపండి. పొలానికైతే దొరువు, అంటే ఇసుకలో పైపైనే తవ్విన నీటి గుంట, మేలు. చిల్లుల గొట్టాలు పైపొరలోనే అడ్డంగా పరిచి ఒక గుంటలోకి నీరు చేర్చే పద్ధతిని బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు బాగు చేసి పెట్టారు.

తోడిన దానికి బదులు వెయ్యాలి కదండీ. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. ఆ గొట్టాన్ని వీధి కాలవలోకి వదిలేస్తున్నాం. పెరట్లో గుంట తీసి, కంకర పోసి, అందులోకి తిప్పండి. మొదటి వాన మాత్రం బయటికి పోనివ్వండి, డాబా మీద పావురాల రెట్టంతా అందులోనే ఉంటుంది.

మీటరు క్రిముల్ని చూడదు. వేసవిలో కాలవలు కట్టేశాక ఒరల నూతి నీళ్లు వాడేవాళ్లు బ్లీచింగ్ వేసుకోవాల్సిందే. 1,000 లీటర్లకి రెండున్నర గ్రాములు. 4 అడుగుల వెడల్పు నూతిలో 10 అడుగుల నీళ్లుంటే 3,500 లీటర్ల పైచిలుకు, అంటే 9 గ్రాములు. ముందు ముద్దగా కలిపి, బకెట్టులో నీళ్లు పోసి, సున్నం అడుగుకి దిగాక పైన తేరిన నీళ్లే నూతిలో పోసి చేదతో బాగా కలపండి. గంట ఆగి తోడుకోండి.

పక్కన ఉప్పునీటి రొయ్యల చెరువు తవ్వుతున్నారంటే, నీళ్లు పెట్టకముందే మీ నూతి అంకె తేదీతో రాసుకోండి. తర్వాత నెలనెలా రాయండి. 2005 నాటి కేంద్ర చట్టం ప్రకారం అలాంటి చెరువుకి రిజిస్ట్రేషను ఉండి తీరాలి. ఆ కాగితం చూపించమని గ్రామసభలో అడగండి, మీ అంకెల పుస్తకం కూడా పట్టుకెళ్లండి.