రంగుల హోస్టా స్పోర్టులు: ఆకులో కనిపించే లోపం, కుదురులో ఉండే కారణం

అమెరికాలోని మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ వంటి చలి ప్రాంతాలలో ఇంటి వెనుక నీడపట్టున హోస్టా (ఆకుల అందం కోసం పెంచే దుబ్బు మొక్క) పెంచని తోట అరుదు. తెలుపు, పసుపు పట్టీలున్న రకాలలో అధిక భాగం విత్తనం నుంచి పుట్టినవి కావు. ఉన్న దుబ్బులోనే ఏదో ఒక పిలక రంగు మార్చుకొని లేచినప్పుడు దానిని విడదీసి పెంచినవి. అటువంటి పిలకనే స్పోర్ట్ అంటారు. నీలి ఆకుల ‘హాల్సియన్’ నుంచి ‘జూన్’, ‘ఫ్రాన్సీ’ నుంచి ‘పేట్రియట్’, ‘గోల్డ్ స్టాండర్డ్’ నుంచి ‘స్ట్రిప్‌టీజ్’ ఈ విధంగానే వచ్చాయి.

హోస్టా మొవ్వలో కణాలు పొరలుగా ఉంటాయి. ఆకు అంచు రంగు పైపొరను బట్టి, నడిమి రంగు దాని కింది పొరను బట్టి ఏర్పడుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే, కింద చెప్పే సమస్యలలో చాలావాటికి ఆకును కాక కుదురును ఎందుకు పరీక్షించాలో అర్థమవుతుంది.

లక్షణం: పట్టీల దుబ్బులో పూర్తిగా ఒకే రంగు ఆకులు రావడం

మా ‘జూన్’ దుబ్బులో మూడవ వసంతంలో ఏడు పిలకలు లేవగా, వాటిలో రెండింటికి నడుమ పసుపు లేదు. ఆకు మొత్తం నీలిపచ్చగా, అచ్చం ‘హాల్సియన్’ ఆకులా ఉంది. పైపొర కణాలు కింది పొరలోకి చొచ్చుకుపోయి అక్కడి పసుపు కణాల స్థానాన్ని ఆక్రమించడం దీనికి కారణం. అటువంటి పిలకలో పత్రహరితం ఎక్కువ కనుక అది ఎక్కువ ఆహారం తయారుచేసుకుంటుంది, వేగంగా పిలకలు వేస్తుంది, కొన్నేళ్లలో దుబ్బంతా తానే అవుతుంది.

చాలామంది ఆ ఆకులను కాడతో సహా కోసి ఊరుకుంటారు. దానివల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే అదే మొవ్వ మట్టిలో మిగిలి ఉండి మరుసటి ఏడు అదే రంగు ఆకులను ఇస్తుంది. పిలకలు బెత్తెడు ఎత్తున్నప్పుడే కుదురు చుట్టూ మట్టిని చేతివేళ్లతో తొలగించి, ఆ పిలక తల్లి కుదురుకు అతుక్కున్న చోటును కంటితో చూసి, పదునైన చాకుతో వేళ్లతో సహా వేరుచేయాలి. ఒక్క ఆకు మాత్రమే మారినట్లయితే తొందరపడకుండా కాడకు దారం కట్టి మరుసటి వసంతం వరకు గమనించడం మంచిది.

లక్షణం: కొత్త స్పోర్ట్ దొరికింది, కానీ దాని రంగు నిలవడం లేదు

చారలు చారలుగా ఉన్న పిలకలో రెండు రకాల కణాలు ఇంకా కలగలిసే ఉంటాయి. కొత్త మొగ్గలు ఆకు కాడ మొదట్లో పుడతాయి కనుక, ఆ వైపు కుదురులో ఏ కణాలుంటే పిల్లపిలకకు ఆ రంగే వస్తుంది. అందువల్ల సగం తెల్లగా, సగం పచ్చగా ఉన్న పిలకను చూసి మురిసిపోకుండా, ఈనెకు రెండు వైపులా సమానమైన అంచు లేదా సమానమైన నడిమి రంగు ఉన్న పిలకనే ఎంచుకొని వేరే కుండీలో పెట్టాలి. ఆ తర్వాత వచ్చే ప్రతి తరంలోనూ నమూనాకు భిన్నమైన పిలకలను తీసివేస్తూ, కనీసం రెండు మూడేళ్లు చూసిన తరువాతే అది స్థిరపడిందని చెప్పవచ్చు.

మంచి రంగు ఒకే పిలకలో చిక్కుకొని అది పిల్లలు వేయకపోతే, ఒహాయోకు చెందిన హెన్రీ రాస్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఉపయోగపడుతుంది. ఆకులు విచ్చుకున్నాక, సన్నని చాకును వేళ్లకు కాస్త పైన పిలక మొదట్లో గుచ్చి నిలువునా కిందికి చీల్చాలి. గాయం మానే చోట కొత్త మొగ్గలు పుడతాయి. మొక్క ఒక్కటే ఉన్నప్పుడు మాత్రం ఈ ప్రయోగం చేయవద్దు.

విత్తనం వేసి అంచు రంగును తిరిగి పొందాలనుకోవడం వృథా. చారల తల్లి మొక్క గింజలలో మాత్రం కొన్ని చారల మొలకలు వస్తాయి, ఎందుకంటే ఆకుకు పచ్చరంగునిచ్చే హరితరేణువులు తల్లి వైపు నుంచే సంక్రమిస్తాయి.

లక్షణం: తెల్లని భాగం మాడడం లేదా చినగడం

తెల్లని కణాలు పచ్చని కణాలంత వేగంగా పెరగవు. అంచు తెల్లగా ఉంటే పచ్చని నడిమి భాగం ముందుకు పెరిగి, సంచి నోటి తాడు బిగించినట్లు ఆకు ముడుచుకొని, చివరకు అంచు చినుగుతుంది. దీనికి మందు లేదు. అది ఆ రకం స్వభావం. నడుమ లేత రంగున్న ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ వంటి వాటికి ఉదయపు ఎండ ఇవ్వాలి, మధ్యాహ్నపు ఎండ తగలనీయకూడదు, నాలుగైదేళ్ల వరకు దుబ్బును విడదీయకూడదు. ఎండకాలం గడిచేకొద్దీ పసుపు పచ్చబడడమో, పచ్చ పసుపుగా మారడమో కొన్ని రకాలకు సహజం; దానిని లోపంగా భావించనవసరం లేదు.

లక్షణం: ఈనెల వెంట సిరా ఒలికినట్లు మరకలు

అన్నింటికన్నా జాగ్రత్తగా చూడవలసినది ఇదే. ఈ మరకలను కొత్త అందంగా పొరబడి ‘బ్రేక్‌డాన్స్’, ‘లెపర్డ్ ఫ్రాగ్’, ‘లూనసీ’ అంటూ పేర్లు పెట్టి అమ్మిన మొక్కలు నిజానికి హోస్టా వైరస్ ఎక్స్ సోకినవని తేలింది. ఈ వైరస్‌ను మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 1996లో వెల్లడించారు. నేను కూడా ఒక అమ్మకందారు దగ్గర ‘అరుదైన స్పోర్ట్’ అన్న మాట నమ్మి ఇటువంటి మొక్కనే కొన్నాను. దాని పక్కనున్న రెండు దుబ్బులను కోల్పోయాక గాని నిజం తెలియలేదు.

ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకొని చూడండి. అసలైన స్పోర్ట్‌లో రంగు గీత కాడ నుంచి కొన వరకు తెగకుండా సాగుతుంది, ఆకు నునుపుగా ఉంటుంది. వైరస్ సోకిన ఆకులో ముదురు రంగు ఈనెలను పట్టుకొని పక్కలకు పాకుతుంది, మరక ఉన్న చోట ఆకు ముడతపడి ఉంటుంది. లక్షణాలు బయటపడడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది కనుక, కొత్తగా కొన్న మొక్కను ముందు విడిగా కుండీలోనే ఉంచాలి. అనుమానముంటే పరీక్షపట్టీతో నిర్ధారించుకోవచ్చు.

ఈ వైరస్ రసం ద్వారా, అంటే మన చాకు, చేతుల ద్వారా వ్యాపిస్తుంది; దానికి చికిత్స లేదు. మొక్కను వేళ్లతో సహా తవ్వి సంచిలో కట్టి చెత్తలో వేయాలి, ఎరువు కుప్పలో వేయకూడదు. ఒక దుబ్బు నుంచి మరో దుబ్బుకు వెళ్లే ముందు చాకును బ్లీచ్ కలిపిన నీటితో శుభ్రం చేయాలి. మట్టిలో మిగిలిన పాత వేళ్లన్నీ కుళ్లిపోయే వరకు ఆ గుంటలో మరో హోస్టాను నాటకూడదు. ఫెర్న్ వంటి వేరే జాతి మొక్కను మాత్రం అదే వారం నాటుకోవచ్చు.