మీ నాయన ఏం పని చేసేవారు? తరాల మార్పును కొలిచే పద్ధతి

బెంగళూరు తెలుగు కుటుంబాల్లో పిల్లలు తల్లిదండ్రుల స్థితిని దాటారా అన్నది పీహెచ్‌డీ అంశంగా తీసుకుంటే, ఆ పరిశోధనంతా ఒక్క ప్రశ్న మీదే నిలుస్తుంది: 'మీ నాయన ఏం పని చేసేవారు?' దీన్ని సరిగ్గా అడగకపోతే తర్వాత ఎంత గొప్ప గణాంకాలు వేసినా లాభం లేదు.

ముందు వయసు బిగించండి. 'మీకు 14 ఏళ్లప్పుడు' అని అడగాలి. లేకుంటే ఒకరు తండ్రి చివరి పని చెబుతారు, ఇంకొకరు గౌరవంగా అనిపించే పని చెబుతారు. బడికి వెళ్లినవారికి తొమ్మిదో తరగతి గుర్తు చేయండి. వెళ్లనివారికి అక్క పెళ్లి, ఊళ్లో కరువు పడిన ఏడాది పట్టుకుని లెక్క కట్టండి. జవాబిచ్చేవారు 30–55 ఏళ్ల మధ్య ఉంటే మేలు. అంతకన్నా చిన్నవారి పని ఇంకా కుదురుకొని ఉండదు.

రాయలసీమ నుంచి వచ్చినవారు ఎక్కువగా 'సేద్యం' అంటారు. ఆ మాట రాసుకుని ముందుకు పోవద్దు. భూమి ఎవరిది, ఎన్ని ఎకరాలు, బోరు ఉందా లేక వానే దిక్కా, ఏడాదిలో ఎన్ని నెలలు పరాయి పొలంలో కూలికి పోయేవారు – నాలుగూ అడగండి. సొంత మాగాణి రైతు, కౌలుదారు, కూలి ముగ్గురూ ఆ ఒక్క మాట చాటున ఉంటారు. వాళ్లను కలిపేస్తే అసమానతే పట్టికలోంచి మాయమవుతుంది.

కొడుకుల పనిలోనూ ఇదే చిక్కు. 'మేస్త్రీ' అంటే గోడ కట్టేవాడు కావచ్చు, 20 మందిని పనికి పెట్టేవాడూ కావచ్చు. కింది మనుషులకు కూలి ఎవరిస్తారో అడిగితే తేలుతుంది. 'కంపెనీలో పని' అన్నప్పుడు జీతం కంపెనీ వేస్తుందా, కాంట్రాక్టరు ఇస్తాడా, పీఎఫ్ ఉందా అని కనుక్కోండి. ఐటీ పార్కులో కోడ్ రాసేవారూ, అదే అంతస్తు తుడిచేవారూ ఆ మాటే అంటారు. తల్లి గురించి 'ఇంట్లోనే' అంటే పాలు పోసేదా, బీడీలు చుట్టేదా, కలుపుకు పోయేదా అని విడిగా అడగాలి.

మనిషి చెప్పిన మాట ఒక గడిలో అలాగే రాసి, జాతీయ వృత్తుల వర్గీకరణ 2015 (ప్రతి పనికీ ఒక అంకె ఇచ్చే ప్రభుత్వ జాబితా) కోడ్‌ను పక్క గడిలో వేయండి. మొదటి 50 ఫారాలకు ఇద్దరు విడివిడిగా కోడ్ ఇవ్వాలి. అయిదు ఫారాలకు మించి తేడా వస్తే నియమాలు మళ్లీ రాసుకోవాల్సిందే. పగలు వెళితే పనికి వెళ్లినవారు దొరకరు; ఆదివారం లేదా రాత్రి ఏడు తర్వాత వెళ్లండి. మేస్త్రీ ఎదుట కూలీని అడగవద్దు. కులం ప్రశ్న చివరికి ఉంచండి.

అందరూ పోగొట్టేది ఇక్కడే: బెంగళూరులో కనిపించేవారు ఊరు వదిలినవారు మాత్రమే. ఊళ్లో ఉండిపోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పనులు కూడా ఒక్కొక్కరికి ఒక్కో వరుసగా రాయండి. కుటుంబానికి ఒకే సంఖ్య ఇస్తే విశ్లేషణలో ఆ బంధాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు.

ఇక లెక్క. ఊహకు ఒక పట్టిక: కూలీల పిల్లలు 120 మందిలో 72 మంది కూలీలే, 48 మంది వేరే పనుల్లో. ఇతరుల పిల్లలు 180 మందిలో 36 మంది కూలీలు, 144 మంది కారు. మొదటి వరుసలో కూలీలు 60 శాతం, రెండో వరుసలో 20. కూలీలైనవారికీ కానివారికీ ఉన్న నిష్పత్తి మొదటి వరుసలో రెండో వరుసకన్నా ఎన్ని రెట్లో చెప్పేది ఆడ్స్ రేషియో: 72/48ని 36/144తో భాగిస్తే 6. మొత్తం 300లో తండ్రి వర్గం నుంచి మారినవారు 84 మంది (48+36). కానీ కూలీల సంఖ్య 120 నుంచి 108కి తగ్గింది, అంటే పనుల పొందిక మారడం వల్ల తప్పనిసరైన మార్పు 12 మందిదే. ఈ రెంటినీ విడదీయకుండా 'ఇంతమంది ఎదిగారు' అని రాయడం పెద్ద తప్పు. పొలం కూలి కొడుకు భవనాల కూలీ అయితే ఊరు మారింది, పని మారింది; మెట్టు మారలేదు.

అయిదు వర్గాల పట్టికకు 25 గడులు. కులాల వారీగా చీల్చితే ఒక్కో గడిలో ఒకరిద్దరే మిగులుతారు. అప్పుడు వర్గాలను మూడుకు కుదించండి. మీ సంఖ్యలను దేశంతో పోల్చడానికి ఐహెచ్‌డీఎస్ (ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే) 2004–05, 2011–12 సర్వేలు పనికొస్తాయి. వాటిలో కుటుంబ పెద్ద తండ్రి పనిని నేరుగా అడిగారు. ఒకే ఇంట్లో ఉండే తండ్రీకొడుకులనే జతచేసే లెక్కల్లో విడిపోయిన కొడుకులు తప్పిపోతారు. బెంగళూరు నాగరభావిలో ఉన్న, 1972లో మొదలైన ఐసెక్ (సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థ) లాంటి సంస్థల్లో ఇలాంటి డేటాతో పనిచేసేవారిని కలిసి, ఫారం అచ్చు వేయకముందే చూపించండి. పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఫారంలో ఉంచకుండా వేరే పుస్తకంలో రాసి తాళం వేయండి.